జనంతో కిటకిటలాడే వీధిని ఆయిల్ రంగుల్లో వేయడం ఎలా?

సామాను గురించి ఎక్కువ చెప్పను. 16 × 20 అంగుళాల కాన్వాస్, గరుకు వెంట్రుకల చదును బ్రష్షులు మూడు, ఒక సన్న బ్రష్, టర్పెంటైన్, లిన్సీడ్ ఆయిల్, పాత గుడ్డలు. రంగులు టైటానియం వైట్, ఎల్లో ఆకర్, కాడ్మియం రెడ్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామరైన్ బ్లూ. నల్ల ట్యూబు కొనకండి. చివరి రెండూ కలిపితే వచ్చే ముదురు రంగులో ప్రాణం ఉంటుంది.

కాన్వాస్‌కి పల్చటి బర్న్ట్ సియెన్నా పూసి, గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. కంటిమట్టం గీత, అంటే మీ కళ్ల ఎత్తుని చూపే అడ్డగీత, గీయండి. ఆకాశం, గోడలు, రోడ్డు పెద్ద ముక్కలుగా వేసేయండి. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

బొమ్మ పాడయ్యేది జనం దగ్గరే. నేర్చుకునేవాళ్లు ఒక్కో మనిషినీ తల నుంచి కాళ్ల దాకా పూర్తిచేసి, పక్కన ఇంకో మనిషిని మొదలుపెడతారు. అలా యాభై మందిని వేసినా అది గుంపు అవదు, షాపులో పేర్చిన బొమ్మల్లా ఉంటుంది. గుంపు ముందు, మనుషులు తర్వాత.

మొదట తలల సంగతి. చదునైన రోడ్డు మీద మీరు నిలబడి చూస్తుంటే, నిలబడ్డ పెద్దవాళ్ల తలలన్నీ, దగ్గరివైనా దూరంవైనా, దాదాపు కంటిమట్టం గీత మీదే ఉంటాయి. మారేది పాదాల చోటు. మనిషి దూరమయ్యేకొద్దీ పాదాలు ఆ గీత వైపు జరుగుతాయి. దూరపు తలల్ని పైకి జరిపారో, రోడ్డు కొండెక్కుతున్నట్టు కనిపిస్తుంది. పిల్లలు, కూర్చున్నవాళ్లు గీత కింద ఉంటారు.

ఇప్పుడు కళ్లు సగం మూసి చూడండి. మనుషులు పోయి ఒకే ముదురు ఆకారం మిగులుతుంది. పై అంచున తలల ఎగుడుదిగుడు, కింది అంచు నీడల్లో కరిగిపోయి ఉంటుంది. ఆ ఆకారాన్నే పెద్ద బ్రష్‌తో, ఒకే రంగుతో వేయండి. చేతులు, ముఖాలు వేయాలని చెయ్యి లాగుతుంది, ఆగండి. తడిగా ఉండగానే అక్కడక్కడా భుజాల మీద వెలుగు తాకించండి. తలలు అనుకున్నదానికంటే చిన్నవిగా పెట్టండి, మనిషి ఎత్తులో ఏడో వంతు చాలు. కాళ్లు కిందికి సన్నబడుతూ క్యారెట్‌లా ఉంటే నడుస్తున్నట్టుంటుంది. రెండు పాదాలూ శ్రద్ధగా దిద్దితే ఆ మనిషి అక్కడే నిలిచిపోతాడు. తర్వాత పొడి బ్రష్‌తో మనిషికీ మనిషికీ మధ్య అంచుల్ని చెరిపేయండి. ఇది చేయడానికి భయపడతారు, కానీ గుంపు పుట్టేది ఇక్కడే. ముందు వరుసలో ముగ్గురు నలుగురినే విడిగా తేల్చండి, అంతకుమించి వద్దు.

ఫొటోని ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీద వేసి గీసుకునే పద్ధతి నాకు నచ్చదు. అందులో జనం గడ్డకట్టినట్టుంటారు. వీధిలో నిలబడి పెన్సిల్‌తో వేసిన పది చిన్న స్కెచ్‌లు అంతకంటే మేలు. 1897లో చిత్రకారుడు కమీ పిస్సారో పారిస్‌లో ఒక హోటల్ కిటికీ నుంచి బులివార్ మోంమార్త్ర్ అనే వీధిని మళ్లీ మళ్లీ వేశాడు. దగ్గరికెళ్తే మనుషులంతా చిన్న రంగు మరకలే, అయినా ఆ వీధి కదులుతూనే ఉంటుంది. అలా పైనుంచి చూసి వేస్తే మాత్రం తలలు గీత మీద ఉండవు, కంటిమట్టం వాటికి చాలా పైకి పోతుంది.

పై పొరల్లో నూనె కాస్త ఎక్కువ కలపండి, లేకపోతే పగుళ్లొస్తాయి. మందంగా వేసిన చోట్ల ఆరడానికి నెలలు పడుతుంది. ఆరు నెలలైనా ఆగి వార్నిష్ వేయండి.