మొదటిసారి తెరిస్తే పేరు పక్కకు పొంగుతోంది, రిఫ్రెష్ చేస్తే సర్దుకుంటోంది

వెబ్ పేజీలో మెట్రో స్టేషన్ల జాబితా చూపించే కాంపొనెంట్ (పేజీలో ఒక భాగం) అది. చోటుంటే 'మహాత్మా గాంధీ బస్ స్టేషన్' అని పూర్తిగా, లేకపోతే 'ఎంజీబీఎస్' అని చూపించాలి. చోటుందో లేదో కోడ్ పేరు వెడల్పు కొలిచి తేలుస్తుంది. మాదాపూర్ ఆఫీసులో నా లాప్‌టాప్‌లో ఎప్పుడూ బాగానే వచ్చేది. టెస్టర్ కొత్త ఫోన్‌లో తెరిస్తే మాత్రం పూర్తి పేరు వచ్చి పక్క గడి మీద పడేది.

ముందు చేయాల్సింది: కొలిచిన వెడల్పును వెంటనే ఒకసారి, రెండు సెకన్లు ఆగి ఇంకోసారి కన్సోల్‌లో ప్రింట్ చేయండి. బ్రౌజర్ టూల్స్‌లో క్యాష్ (ముందే దిగిన ఫైళ్లను దాచుకునే చోటు) ఆపేసి, నెట్ స్పీడు తగ్గించి మరీ చూడండి. నా లాప్‌టాప్‌లో తప్పు కనపడకపోవడానికి కారణం ఫాంట్ అప్పటికే క్యాష్‌లో ఉండటమే.

సున్నా వస్తే: కొలిచేటప్పటికి పేజీలో ఆ జాబితా ఉన్న ట్యాబ్ డిస్‌ప్లే నన్‌లో, అంటే దాచి ఉంది. రీసైజ్ అబ్జర్వర్ (సైజు మారితే కోడ్‌కు చెప్పేది) పెట్టి, కనపడ్డాక కొలవండి. అంతే.

రెండు అంకెలు వేరైతే: దాదాపుగా ఫాంట్ పనే. వెబ్ ఫాంట్ దిగేలోపు బ్రౌజర్ ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తో అక్షరాలు వేస్తుంది, మన కోడ్ దాన్నే కొలిచేస్తుంది. తర్వాత అసలు ఫాంట్ వచ్చి పేరు వెడల్పవుతుంది. గడి సైజు మారదు కాబట్టి దాని మీద పెట్టిన రీసైజ్ అబ్జర్వర్‌కు ఈ సంగతే తెలియదు.

ఫాంట్లు దిగడం అయిపోయిందని బ్రౌజర్ చెప్పే 'డాక్యుమెంట్.ఫాంట్స్.రెడీ' కోసం ఆగితే చాలనుకున్నాను. సగమే పనిచేసింది. పేజీలో ఆ అక్షరాలు ఇంకా లేకపోతే బ్రౌజర్ ఆ ఫాంట్‌ను అడగనే అడగదు, రెడీ మాత్రం వెంటనే వచ్చేస్తుంది. అందుకే 'డాక్యుమెంట్.ఫాంట్స్.లోడ్'తో మనమే అడగాలి. ఇక్కడ నా మధ్యాహ్నమంతా పోయింది: దానికి రెండో ఆర్గ్యుమెంట్ (ఏ అక్షరాలకు ఫాంట్ కావాలో చెప్పేది) ఇవ్వకపోతే ఖాళీ స్పేస్ ఒక్కటే ఇచ్చినట్టు లెక్క. గూగుల్ ఫాంట్స్ తెలుగు అక్షరాలను వేరే ఫైల్లో పెడుతుంది కాబట్టి లాటిన్ ఫైలు దిగుతుంది, తెలుగుది దిగదు. స్టేషన్ పేరునే రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. పేరు బోల్డ్‌లో ఉంటే బోల్డే అడగండి. అది దిగాక మళ్లీ కొలవండి.

కొంతసేపు ఆగి కోడ్ నడిపే సెట్‌టైమౌట్‌లో 300 మిల్లీసెకన్లు పెట్టి చేతులు దులుపుకోవద్దు. ఆఫీసు వైఫైలో సరిపోయింది మెట్రో రైల్లో సరిపోదు.

క్యాష్ మళ్లీ ఆన్ చేసి రిఫ్రెష్ చేశాక కూడా అంకెలు వేరుగానే ఉంటే యానిమేషన్‌ను అనుమానించండి. స్కేల్‌తో పెద్దదవుతూ తెరుచుకునే డైలాగ్‌లో (పేజీ మీద తెరుచుకునే చిన్న పెట్టెలో) కొలిస్తే 'గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్' ఆ క్షణాన ఉన్న సైజే చెబుతుంది. వెడల్పు కొలిచే ఇంకో పద్ధతి 'ఆఫ్‌సెట్‌విడ్త్'కు ఆ స్కేల్ పట్టదు, కానీ అంకెను రౌండ్ చేస్తుంది, కాబట్టి ఒక పిక్సెల్ అదనంగా వదలండి.

పూర్తి పేరు తళుక్కుమని చిన్నదైపోతుంటే: రియాక్ట్‌లో (కాంపొనెంట్లు రాసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) యూజ్ఎఫెక్ట్‌లో కొలుస్తున్నారు, అది సాధారణంగా తెర మీద వేశాక నడుస్తుంది. తెర మీద వేయకముందే నడిచే యూజ్‌లేఅవుట్‌ఎఫెక్ట్‌కు మార్చండి. ఫాంట్ కోసం ఆగే పని మాత్రం దానివల్ల తప్పదు.