హెచ్ఐవీ భయం పట్టుకుందా? పరీక్ష తర్వాత చేయించుకోవచ్చు, ముందు గడియారం చూడండి

కండోం చిరిగింది, లేదా ఎవరికో వాడిన సూది గుచ్చుకుంది. తెల్లారగానే చాలామంది చేసే పని ఒకటే: దగ్గర్లోని ల్యాబ్‌కు పరుగెత్తి రక్తం ఇచ్చి రావడం. సాయంత్రానికి ‘నాన్ రియాక్టివ్’, అంటే హెచ్ఐవీ కనబడలేదని కాగితం చేతికొస్తుంది. గండం గడిచిందని హాయిగా నిద్రపోతారు. నిజానికి ఆ కాగితం రాత్రి జరిగిన దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు, అంతకుముందు మీ పరిస్థితి ఏమిటో మాత్రమే చెబుతుంది. ఈలోగా, అడ్డుకోగల మందు వేసుకునే గడువు కాస్తా దాటిపోతుంది. కౌన్సెలింగ్ బల్లకు ఇవతల కూర్చునే నాలాంటివాళ్లకు ఆ కాగితం చూస్తే ఒళ్లు మండుతుంది.

ముందు కడుక్కోవడం. సూది గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్లతో కడగండి. రక్తం పిండకండి, నోట్లో పెట్టుకోకండి, స్పిరిట్, బ్లీచింగ్ లాంటివి పొయ్యకండి. ఎవరిదైనా రక్తం కంట్లో పడితే మంచినీళ్లతో కడిగితే చాలు.

ఇక అసలు మెట్టు. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు కాబట్టి నిదానంగా చదవండి.

వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా అడ్డుకునే మందులను పెప్ అంటారు. జరిగిన 72 గంటల్లోపు మొదటి మాత్ర పడాలి. 72 గంటలనగానే ‘మూడు రోజులుంది కదా’ అని సోమవారం దాకా ఆగేవాళ్లున్నారు. అది చివరి గడువు మాత్రమే. రెండు గంటల్లో వేసుకుంటే మేలు, ఆరు గంటల్లో వేసుకుంటే నయం, గంట గడిచేకొద్దీ మందు బలం తగ్గుతూ పోతుంది. ఆదివారమైనా, అర్ధరాత్రయినా పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి ‘హెచ్ఐవీ సోకే ప్రమాదం ఎదురైంది, పెప్ కావాలి’ అని ఆ మాటే అడగండి. నీరసం, జ్వరం అంటూ చుట్టూ తిప్పి చెబితే బలం మాత్రలు రాసి పంపిస్తారు. పగలయితే ఏఆర్‌టీ సెంటర్‌కు, అంటే హెచ్ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రానికి వెళ్లండి. అక్కడ కుదరదంటే వాదన పెట్టుకుని గంటలు పోగొట్టుకోవద్దు. ఈ మందులు తెలిసిన ప్రైవేటు డాక్టరు రాసిస్తే బయట కొనుక్కోవచ్చు. దారి తోచకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

మందు మొదలుపెట్టే రోజున రక్తపరీక్ష చేస్తారు, మీకు ముందే హెచ్ఐవీ ఉందేమో చూడటానికి. ఆ రిపోర్టు కోసం మొదటి మాత్ర ఆపకూడదు. అవతలి మనిషి పరీక్షకు ఒప్పుకుంటాడా లేదా అని ఎదురుచూడటం కూడా కూడదు. అవతలి మనిషికి నెగటివ్ అని తేలితే అప్పుడు డాక్టరు మందు మాన్పిస్తారు.

ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. రోజుకొకటి, 28 రోజులు. పదో రోజుకు భయం తగ్గుతుంది, వికారం పెరుగుతుంది. మానేసేది సరిగ్గా అప్పుడే. మానకండి. రాత్రి భోజనం కాగానే వేసుకోవడమే పద్ధతి, ఫోనులో అలారం తప్పనిసరి. కడుపు మంటకు తాగే యాంటాసిడ్ ఈ మాత్రతో కలిపితే మందు ఒంటికి పట్టదు. మాత్ర తర్వాత రెండు గంటలు ఆగి తాగాలి, లేదా మాత్రకు ఆరు గంటల ముందే తాగెయ్యాలి. ఐరన్, కాల్షియం బిళ్ళలు వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. కిడ్నీ జబ్బు, హెపటైటిస్ బి ఉంటే దాచకండి.

అత్యాచారానికి గురైనవారికి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి. ముందు పోలీసు కేసు పెట్టి రమ్మనడానికి వీల్లేదు.

దోమ కుట్టిందని, ఒకే కంచంలో తిన్నారని, కరచాలనం చేశారని మాత్రం ఈ మందులు అడగకండి. వాటివల్ల హెచ్ఐవీ రాదు.

పరీక్ష సంగతి సులువు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీటీసీ అనే హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ గది ఉంటుంది. ఉచితం, పరగడుపు అక్కర్లేదు, రిపోర్టు చాలాచోట్ల ఆ రోజే వస్తుంది. పొద్దున్నే వెళ్లండి, ఒంటరిగా వెళ్లండి. ధైర్యం చెప్పడానికి వచ్చిన స్నేహితుడు మీకంటే ఎక్కువ కంగారు పడతాడు. ప్యాకేజీలో పడేసి వాట్సాప్‌లో రిపోర్టు పంపే ల్యాబ్ కంటే ఇదే మేలని గట్టిగా చెబుతాను. మొదటి కిట్‌లో పాజిటివ్ గీత పడినంత మాత్రాన ఇక్కడ పాజిటివ్ అనరు, వేర్వేరు కిట్లతో మూడుసార్లు చూసి తేలుస్తారు. పైగా ఫలితం మనిషి నోట వింటారు. కిట్ మీద ‘సి’ అక్షరం దగ్గర గీత తప్పనిసరిగా పడాలి. పడకపోతే ఆ కిట్ పనిచెయ్యలేదని అర్థం, మళ్లీ చెయ్యాల్సిందే.

ఎప్పుడు వెళ్లాలి? వైరస్‌కు ఎదురుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను చూసే మామూలు కిట్ చివరి మాట చెప్పాలంటే మూడు నెలలు పడుతుంది. ల్యాబ్‌లో సిరరక్తంతో చేసే, యాంటీబాడీలతోపాటు వైరస్ భాగాన్నీ పట్టే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు దాదాపు తేల్చేస్తుంది. పెప్ వాడినవాళ్లు ఆ తొందరపాటు లెక్క వేసుకోకూడదు. ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, డాక్టరు రమ్మంటే ఆరు నెలలకూ చేయించుకోవాలి. తేదీలు గోడ క్యాలెండరు మీద రాసుకోండి. అప్పటిదాకా కండోం వాడండి, రక్తదానం చెయ్యకండి. ఊరికే పరీక్ష చేస్తారు కదా అని రక్తదాన శిబిరానికి వెళ్లే తెలివైనవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను: సోకిన కొత్తలో బ్లడ్ బ్యాంకు పరీక్షకు కూడా దొరక్కపోవచ్చు, ఆ రక్తం ఎక్కించేది ఆపరేషన్ బల్ల మీది మనిషికి.

పేరు బయటికి పొక్కుతుందని భయపడేవారికి 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం అండగా ఉంది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అది అమల్లో ఉంది. మీ సమ్మతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం ఇతరులకు చెప్పకూడదు, ఆ కారణంతో ఉద్యోగం తియ్యకూడదు.

పాజిటివ్ వస్తే ఐసీటీసీ గది నుంచే ఏఆర్‌టీ సెంటర్‌కు రాసిస్తారు. 2004 నుంచి అక్కడ మందులు ఉచితం, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. రోజూ వాడి, రక్తంలో వైరస్ దొరకనంత తగ్గి, అలాగే నిలిచినవారి నుంచి సంభోగం ద్వారా మరొకరికి సోకదు. జీవిత భాగస్వామిని కూడా పరీక్షకు తీసుకెళ్లండి. ఇలాంటి ప్రమాదం మీకు పదేపదే ఎదురవుతుంటే ప్రతిసారీ పెప్ కోసం పరుగులు వద్దు. ముందుగానే వాడే ప్రెప్ మాత్రల గురించి డాక్టరును అడగండి.