పంపు స్టవ్వు ఎలా వెలిగించాలి?

2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు మా వీధిలో కరెంటు పోయింది, గ్యాసు బండి రాలేదు. అటక మీద నుంచి మా అమ్మ కాలంనాటి ఇత్తడి పంపు స్టవ్వు దించాను. రెండు రోజులపాటు మా ఇంటి కాఫీయే పక్కిళ్లకూ అందింది. అది చూసి మరో మూడిళ్లలో పాత స్టవ్వులు కిందికి దిగాయి. మూడిళ్లలోనూ ఒకటే పొరపాటు, మూడిళ్లలోనూ పైకప్పుకు మసి. అప్పటి నుంచి అడిగిన ప్రతివారికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి రాసి పెడుతున్నాను.

కావలసినవి: స్టవ్వు, కిరోసిన్, గరాటు, చిన్న సీసాలో స్పిరిట్, స్టవ్వు పిన్ను, అగ్గిపెట్టె, పక్కన ఒక బక్కెట్టు ఇసుక. నీళ్లు పనికిరావు, కిరోసిన్ నీటి మీద తేలి మంటను గదంతా తిప్పుతుంది. ట్యాంకు ఇత్తడిదే అయి ఉండాలి. రేకు ట్యాంకులో తుప్పు రేగి బర్నర్ బెజ్జంలో కూర్చుంటుంది. రేకుదే బాగుందని వాదించేవారితో నేను మాట్లాడను.

స్టవ్వును గట్టు మీద కాకుండా సమంగా ఉన్న నేల మీద, తెరిచిన కిటికీ దగ్గర పెట్టండి. కర్టెన్లు దూరంగా ఉండాలి. చలికాలం హార్సిలీ కొండకు వెళ్లి, గది వెచ్చబడాలని తలుపులన్నీ మూసి స్టవ్వు వెలిగించే మహానుభావులు ఉన్నారు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. చలేస్తే రగ్గు కప్పుకోండి.

కిరోసిన్‌ను పలుచని గుడ్డలో వడగట్టి, ట్యాంకులో ముప్పావు వంతు వరకే పోయాలి. మిగతా పావు వంతు గాలికి. మన దేశపు ప్రమాణాల ప్రకారం కిరోసిన్ ఫ్లాష్ పాయింటు 35 డిగ్రీలకు తగ్గకూడదు. అంటే 35 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకోవచ్చు. మే నెలలో తిరుపతి ఎండ 40 దాటుతుందని వేరే చెప్పాలా? డబ్బాను మిద్దె మీద ఎండలో ఉంచకండి. పెట్రోలు కలిసిందేమోనని అనుమానం వస్తే ఆ డబ్బా జోలికే పోవద్దు. పంపు వదులుగా ఆడుతూ గాలి ఎక్కకపోతే లోపలి తోలు వాషర్ ఎండిపోయిందని అర్థం. రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, అంచులను వేళ్లతో విప్పార్చండి. కొబ్బరినూనే, వేరే నూనె వద్దు.

ఇక అందరూ పాడుచేసే పని, బర్నర్ కాచడం.

ఈ స్టవ్వులో మండేది కిరోసిన్ కాదు, కిరోసిన్ ఆవిరి. గాలి ఒత్తిడికి నూనె గొట్టంలో పైకెక్కి, కాలుతున్న బర్నర్ మెలికల్లో తిరిగి ఆవిరై, అర మిల్లీమీటరు కూడా లేని బెజ్జంలోంచి దూసుకొస్తుంది. బర్నర్ చల్లగా ఉంటే నూనె నూనెగానే చిమ్ముతుంది. మూరెడు పసుపు మంట, నల్లని పొగ, ఆ తర్వాత పైకప్పుకు మసి.

అందుకే ముందు గాలి మర, అంటే ట్యాంకులోని గాలిని బయటికి వదిలే మర, పూర్తిగా వదులు చేయండి. పిన్నుతో బెజ్జం ఒకసారి పొడవండి, గుచ్చి తిప్పవద్దు, బెజ్జం పెద్దదైతే బర్నర్ మార్చాల్సిందే. బర్నర్ కింది గిన్నెలో అంచు దాకా స్పిరిట్ పోయండి. స్పిరిట్ సీసాకు మూత పెట్టి, దాన్ని వేరే గదిలో ఉంచి వచ్చాకే అగ్గిపుల్ల గీయండి. స్పిరిట్ మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తే ఆ మంట ధార పట్టుకుని సీసాలోకే ఎక్కుతుంది. మా బావమరిది కనుబొమలు ఆరు వారాలు లేకపోవడానికి కారణం అదే. వేడి తగ్గిందని నమ్మకం లేకపోతే పూర్తిగా చల్లారేదాకా ఆగి, మొదటి నుంచి మొదలుపెట్టండి.

స్పిరిట్ కాలుతున్నంతసేపూ పంపు మీద చేయి వేయకూడదు. రెండు నిమిషాలు పట్టవచ్చు. అంతసేపు ఊరికే కూర్చోవడమే ఎవరికీ చేతకావడం లేదు. గిన్నెలో మంట చివరి నాలుకలుగా మిగిలినప్పుడు గాలి మర బిగించి, నాలుగైదు పంపులు మాత్రమే కొట్టండి. నీలం మంట హోరుమంటూ పట్టుకుంటే ఇంకో పది కొట్టండి. పసుపు మంట లేస్తే కంగారుపడి ఇంకా పంపు కొడతారు, అది మంటకు నూనె పోయడమే. గాలి మర వెంటనే వదులు చేయండి. ఒత్తిడి పోగానే మంట దానంతట అదే కుంగిపోతుంది.

స్పిరిట్ దండగ, కిరోసిన్‌లో తడిపిన గుడ్డపేలిక చాలు అనేవారు ఉన్నారు. చాలదు. దాని మసి పట్టి రెండో వారానికే బెజ్జం పూడిపోతుంది. ఒత్తుల స్టవ్వే సుఖం కదా అంటారు ఇంకొందరు. దాని మీద చేసిన టీ కూడా కిరోసిన్ వాసన వేస్తుంది. పంపు స్టవ్వుకు హోరు ఎక్కువే, కానీ ఆ హోరే నాకు కాపలా. శబ్దం తగ్గితే గాలి తగ్గినట్టు, తుంపులు తుంపులుగా వస్తే బెజ్జంలో నలక పడినట్టు. పక్క గదిలో ఉన్నా తెలిసిపోతుంది.

అన్నం, పప్పు, కాఫీ నిశ్చింతగా చేసుకోవచ్చు. రాగి సంకటి మాత్రం స్టవ్వు మీద గెలకవద్దు. తెడ్డు బలంగా తిప్పితే మూడు కాళ్ల స్టవ్వు గిన్నెతో సహా ఒరుగుతుంది. పిండి ఉడికాక గిన్నెను నేల మీదికి దించి, పాదాలతో అదిమిపట్టకుండా పట్టకారుతో పట్టుకుని గెలకండి. మండుతున్న స్టవ్వులో కిరోసిన్ పోయకూడదన్నది వేరే చెప్పనక్కరలేదనుకున్నాను, కానీ ఒకాయన పోస్తుంటే చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆర్పడానికి ఊదవద్దు, గాలి మర తిప్పితే చాలు. బుస్సుమని గాలి పోయాక కూడా బర్నర్ అరగంట దాకా ముట్టుకుంటే కాలుతూనే ఉంటుంది. పిన్నును గోడ క్యాలెండర్‌కు గుచ్చి ఉంచండి. డబ్బాలో పెడితే అవసరమైన రోజు దొరకదు.