వానలకు ముందు మిద్దెతోటలో పెద్దలు తీసుకోవలసిన జాగ్రత్తలు

మిద్దెతోట పెంచే పెద్దలు మొక్కల మీద పెట్టినంత శ్రద్ధ తమ ఒంటి మీద పెట్టరు. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది కనుక, బీర, సొర, బెండ గింజలు పెట్టే తొందర మొదలవకముందే, మే నెలాఖరుకల్లా కొన్ని ఏర్పాట్లు పూర్తి చేసుకోవాలి.

మధుమేహం ఉన్నవారు అన్నిటికంటే ముందు తడిమట్టి విషయంలో జాగ్రత్తపడాలి. మట్టిలోను, బురదనీటిలోను ఉండే ఒక బాక్టీరియా చర్మం మీది చిన్న గీత ద్వారా కూడా లోపలికి చేరి మీలియాయిడోసిస్ అనే తీవ్రమైన జబ్బును కలిగించగలదు. దక్షిణ భారతంలో వానల నెలల్లో కనిపించే ఈ జబ్బు ముప్పు మధుమేహుల్లోనే అధికం. జ్వరం, దగ్గుతో మొదలై క్షయను పోలి ఉండవచ్చు కాబట్టి, జ్వరం తగ్గనప్పుడు తాము మట్టిపని చేస్తున్న సంగతిని, వైద్యుడు అడిగే వరకు ఆగకుండా, తామే చెప్పాలి. అరికాళ్లు మొద్దుబారినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అందువల్ల పాదాలను పూర్తిగా కప్పే బూట్లు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. ఒట్టి చేతులతో మట్టిని కలిపితేనే తృప్తిగా ఉంటుందనే వారి మనసు నాకు తెలుసు, అయినా ఈ ఒక్క విషయంలో గ్లౌజులు మానవద్దని కోరుతున్నాను. పని ముగిశాక సబ్బుతో కడుక్కుని, వేళ్ల సందులను వెలుతురులో చూసుకోవాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని 10 ఏళ్లు దాటితే వైద్యుని అడిగి మళ్లీ వేయించుకోవాలి.

మిద్దె మీది పాకుడును వానలకు ముందే గీకించాలి, ఆ పని ఇంట్లోని చిన్నవారికే అప్పగించాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు జారిపడి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపోటు మాత్రలు వాడేవారికి వంగి లేచినప్పుడు కళ్లు తిరగవచ్చు కనుక ఎత్తైన స్టూలు మీద కూర్చుని పని చేయడం మేలు.

ఎర్రమట్టితో నిండిన 20 లీటర్ల బకెట్టు తడిస్తే 30 కిలోలు దాటుతుంది. దానిని ఒంటరిగా జరపకూడదు, జరపవలసిన కుండీలన్నిటిని మట్టి పొడిగా ఉండగానే జరిపించుకోవాలి. అప్పుడు కూడా అడుగున తేలు, జెర్రి ఉందేమో కర్రతో కదిపి చూడాలి. కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీటిలో డెంగీ దోమ వారం పది రోజుల్లో పెరుగుతుంది కాబట్టి వాటిని వారానికొకసారైనా ఒంపి, రుద్ది కడగాలి.

ఉరుము వినిపిస్తే చేతిలోని పని వదిలి కిందికి దిగిపోవాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచే వరకు మిద్దె ఎక్కకూడదు.