అప్‌గ్రేడ్ చేశాక వైఫై పోయిందా? డ్యూయల్ బూట్ ల్యాప్‌టాప్‌లో డ్రైవర్లు సరిచేసుకునే పద్ధతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, దాంతో చాలామంది విండోస్ 11కి మారుతున్నారు. ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు 22.04 వెర్షన్ వదిలి 24.04కి మారుతున్నారు. దక్షిణ ఒడిశాలో గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ, జయపూర్ వైపు మన పిల్లల చేతుల్లో ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు అన్నలు వాడి ఇచ్చినవో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవో. చదువుకి ఉబుంటు, ఆఫీసు పనులకి విండోస్, రెండూ ఒకే మెషీన్‌లో. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. ఒక పక్క కొత్త వెర్షన్ ఎక్కించగానే వైఫై కనపడదు, సౌండు రాదు, టచ్‌ప్యాడ్ కదలదు. వెంటనే ఎక్కడో దొరికిన డ్రైవర్ (పరికరాన్ని సిస్టమ్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్) ప్యాక్ దింపి ఎక్కించేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. డ్యూయల్ బూట్ మెషీన్‌లో డ్రైవర్ అసలు లేకపోవడం తక్కువ, ఉన్న డ్రైవర్‌కి ఏదో అడ్డు తగలడమే ఎక్కువ. ఆ అడ్డు ఏమిటో ముందు తేల్చుకోవాలి.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. టెర్మినల్‌లో, అంటే ఉబుంటులో కమాండ్లు కొట్టే కిటికీలో, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. హైఫన్లు, చుక్కలు, స్లాష్‌లు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి.

ముందు నెట్ తెచ్చుకోండి

వైఫై లేకుండా వైఫై డ్రైవర్ దింపుకోవడం ఎలా అని ఆగిపోనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెదరింగ్ దగ్గర యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. అటు విండోస్‌లోనూ ఇటు ఉబుంటులోనూ అది వైరు కనెక్షన్‌లా పట్టుకుంటుంది, విడిగా డ్రైవర్ అడగదు. ఆ ఆప్షన్ నొక్కడానికి వీల్లేకుండా మసగ్గా ఉంటే కేబుల్‌ని అనుమానించండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు.

రోజువారీ డేటా ప్యాక్ మీద నడుపుతుంటే విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా పెట్టండి. లేకపోతే మీ పని మొదలవక ముందే అప్‌డేట్లు డేటా తాగేస్తాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ అయితే కొన్ని వందల ఎంబీ ఉంటుంది, దాన్ని కాలేజీ వైఫై దొరికిన రోజుకి ఉంచుకోండి.

కరెంటు పోయి అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిందా?

వేసవి గాలివానల్లో మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలబడదు. ఉబుంటు అప్‌గ్రేడ్ సగంలో ఆగితే కొత్త కర్నెల్ (ఉబుంటుకి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఎక్కి, దానికి తగ్గ డ్రైవర్ మాడ్యూళ్లు (కర్నెల్‌లో చేరే డ్రైవర్ ముక్కలు) తయారుకాకుండా మిగిలిపోతాయి. అలాంటప్పుడు ఏ డ్రైవర్ ఎక్కించబోయినా ఎర్రరే వస్తుంది. మొదట ఈ రెండూ వరసగా నడపండి: సుడో డిపికెజి --కాన్ఫిగర్ -ఎ, ఆ తర్వాత సుడో యాప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్. రెండూ తప్పుల్లేకుండా ముగిశాకే ముందుకి వెళ్లండి.

విండోస్ షట్‌డౌన్ నిజంగా షట్‌డౌన్ కాదు

ఉబుంటులో వైఫైగానీ సౌండుగానీ ఒకరోజు వచ్చి ఒకరోజు రాకపోతే మొదట చూడాల్సింది ఇదే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు. సిస్టమ్ స్థితిని డిస్కు మీద దాచుకుని నిద్రపోతుంది. ఆ నిద్రలో వైఫై కార్డుని, ఆడియో చిప్‌ని సగం మూసిన స్థితిలో వదిలేయవచ్చు. తర్వాత ఉబుంటు లేచి ఆ కార్డుని పలకరిస్తే అది జవాబివ్వదు. మీరు ఉబుంటులో డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. విండోస్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఈ సెట్టింగ్ మళ్లీ ఆన్ అయిపోవచ్చు. అందుకే, ఏడాదిగా బాగా నడిచిన ఉబుంటు కూడా విండోస్ మార్చాక మొరాయిస్తుంది.

పరీక్షించడం తేలిక. విండోస్‌లో షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కి, ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో ఉబుంటు ఎంచుకోండి. రీస్టార్ట్‌లో ఈ నిద్ర ఉండదు. ఇప్పుడు వైఫై వస్తే కారణం దొరికినట్టే. శాశ్వతంగా ఆపడానికి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోటికి వెళ్లి, పైన ఉన్న "ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్స్ మార్చు" లింకు నొక్కి, ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. లేదా అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సిఎఫ్‌జి /హెచ్ ఆఫ్ కొట్టండి. దీంతో హైబర్నేట్ కూడా పోతుంది కానీ సీ డ్రైవ్‌లో కొన్ని జీబీల చోటు మిగులుతుంది. చిన్న ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకి అదీ లాభమే.

అయినా కార్డు కనపడకపోతే పూర్తిగా ఆపి, చార్జర్ పీకి, ఊడే బ్యాటరీ అయితే తీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు దిగిపోయి చిప్‌లు మొదటినుంచి లేస్తాయి.

ఉబుంటులో డీ డ్రైవ్ ఫైళ్లు తెరుచుకుంటున్నా సేవ్ కావడం లేదంటే దానికీ చాలాసార్లు కారణం ఈ ఫాస్ట్ స్టార్టప్పే. దాన్ని ఉబుంటులో బలవంతంగా సరిచేయబోకండి, ఫైళ్లు పాడవుతాయి. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆపి, ఆ డ్రైవ్‌కి ఎర్రర్ చెకింగ్ నడిపి రండి.

సెక్యూర్ బూట్ వేసే తాళం

విండోస్ 11 నియమాల ప్రకారం ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, సెక్యూర్ బూట్‌కి (డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు) తగ్గ మెషీన్ కావాలి. ఆ అప్‌గ్రేడ్ కోసం చాలామంది బయాస్‌లోకి, అంటే మెషీన్ లేచేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లోకి, వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేస్తారు. అది ఆన్ అయిందంటే సంతకం లేని డ్రైవర్ మాడ్యూళ్లని ఉబుంటు కర్నెల్ లోపలికి రానివ్వదు. బ్రాడ్‌కామ్ వైఫై, ఎన్‌విడియా, వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. మోడ్‌ప్రోబ్ (మాడ్యూల్ ఎక్కించే కమాండ్) చేస్తే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తుంది. ఆ మాట కనిపించాక డ్రైవర్ మళ్లీ మళ్లీ ఎక్కించడం వృథా.

స్థితి చూడటానికి మోక్‌యుటిల్ --ఎస్‌బి-స్టేట్. ఎనేబుల్డ్ అని వస్తే మీ మెషీన్ తయారుచేసుకున్న సంతకం తాళంచెవిని నమోదు చేయాలి: సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్/మోక్.డెర్. చివరి ఫైలు పేరులో ఎం, ఓ, కే మాత్రం పెద్ద అక్షరాలు. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, అంకెలతో పెట్టుకుంటే తర్వాత సుఖం. ఇప్పుడు రీస్టార్ట్ చేయండి. నీలం తెర వస్తుంది. ఏ కీ నొక్కకుండా కూర్చుంటే పది సెకన్లలో అది వెళ్లిపోయి మామూలుగా బూట్ అయిపోతుంది, పని మొదటికొస్తుంది. కాబట్టి వెంటనే ఏదో ఒక కీ నొక్కి ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యస్, పాస్‌వర్డ్, రీబూట్ వరసలో వెళ్లండి.

సెక్యూర్ బూట్ ఆపేస్తే అయిపోతుంది కదా అనుకోవచ్చు. ఆపినా పనవుతుంది, కానీ విండోస్ డ్రైవ్ బిట్‌లాకర్‌తో (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే తర్వాతి బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చేతిలో ఆ కీ లేకపోతే మీ ఫైళ్లు మీవి కాకుండా పోతాయి. బయాస్‌లో ఏది ముట్టుకునే ముందైనా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఏ కార్డు, ఏ డ్రైవర్

ఎల్ఎస్‌పిసిఐ -ఎన్ఎన్‌కె కొడితే ప్రతి చిప్ పేరూ, చదరపు కుండలీకరణంలో దాని నంబరూ వస్తాయి. నెట్‌వర్క్ కంట్రోలర్ లైను కింద "కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" ఉంటే డ్రైవర్ ఎక్కినట్టే. అప్పుడు ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టి ఎక్కడైనా బ్లాక్డ్ యస్ అని ఉందేమో చూడండి. సాఫ్ట్ బ్లాక్ అయితే సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ సరిపోతుంది. హార్డ్ బ్లాక్ అయితే ఫ్లైట్ మోడ్ కీ గానీ పక్కన ఉండే స్విచ్ గానీ చూడండి. అసలు "కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న మాటే లేకపోతే నంబరు చూసి ముందుకెళ్లాలి. మొదటి నాలుగు అక్షరాలు కంపెనీని చెబుతాయి: 8086 ఇంటెల్, 10ఇసి రియల్‌టెక్, 14ఇ4 బ్రాడ్‌కామ్, 168సి క్వాల్‌కామ్ అథెరాస్, 14సి3 మీడియాటెక్.

ఇంటెల్, అథెరాస్ కార్డులతో గొడవ తక్కువ. లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని మళ్లీ ఎక్కించి రీస్టార్ట్ చేస్తే సాధారణంగా కుదురుకుంటాయి.

బ్రాడ్‌కామ్ 14ఇ4:4365, అంటే బీసీఎం43142, దశాబ్దం నాటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ. దీని డ్రైవర్ కొత్త కర్నెల్ వచ్చిన ప్రతిసారీ అదే మెషీన్‌లో మళ్లీ తయారవ్వాలి. అందుకు కర్నెల్ హెడర్లు కావాలి, అవి లేకపోతే నిశ్శబ్దంగా తప్పిపోతుంది. ముందు సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ లైనక్స్-హెడర్స్-జెనెరిక్, తర్వాత సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ బిసిఎండబ్ల్యుఎల్-కర్నెల్-సోర్స్. వరస మార్చకండి.

రియల్‌టెక్ 8821సిఇ విషయంలో సమస్య తలకిందులు. ఒకప్పుడు దీనికి కర్నెల్‌లో డ్రైవర్ ఉండేది కాదు, అందరూ బయట నుంచి సోర్స్ తెచ్చి ఎక్కించుకునేవాళ్లు. ఇప్పుడు ఉబుంటు కర్నెల్‌లోనే ఉంది. పాతది ఇంకా కూర్చుని ఉండటం, లేదా పాతది ఎక్కించేటప్పుడు రాసిన బ్లాక్‌లిస్ట్ ఫైలు కొత్తదాన్ని ఆపేయడం వల్ల కార్డు ఆగిపోతుంది. బయట నుంచి ఎక్కించిన డ్రైవర్లని చూపే డికెఎంఎస్ స్టేటస్ కమాండ్‌లో పాత పేరు కనిపిస్తే సుడో డికెఎంఎస్ రిమూవ్ అని రాసి, ఆ పేరూ స్లాష్ వెర్షనూ పెట్టి, చివర --ఆల్ తగిలించి తీసేయండి. /ఈటిసి/మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో దానికోసం పెట్టిన ఫైలు కూడా తొలగించి రీస్టార్ట్ చేయండి.

రియల్‌టెక్ 8723బిఇలో డ్రైవర్ పనిచేస్తూనే ఉంటుంది, రౌటర్ పక్కన కూర్చుంటే తప్ప సిగ్నల్ రాదు. కొన్ని మోడళ్లలో రెండు యాంటెన్నా పిన్నులకి ఒక్కదానికే తీగ బిగించి ఉంటుంది. డ్రైవర్ ఖాళీ పిన్ను వైపు వింటుంటే సిగ్నల్ ఒక గీతకి పడిపోతుంది. అదే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో .కాన్ఫ్‌తో ముగిసే ఫైలు ఒకటి చేసి అందులో ఆప్షన్స్ ఆర్‌టిఎల్8723బిఇ యాంట్_సెల్=2 అని ఒక్క లైను రాయండి. రీస్టార్ట్ చేశాక మార్పు లేకపోతే 2 బదులు 1 పెట్టండి. అప్‌గ్రేడ్‌కి ముందు ఈ ఫైలు ఉండి, మధ్యలో ఎగిరిపోయిన మెషీన్లలో ఇది చేస్తే చాలు.

తెర నల్లబడితే, సౌండు పోతే

లోగో తర్వాత తెర నల్లగా నిలిచిపోతే గ్రబ్‌లో ఉబుంటు లైను మీద ఇ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైను చివర నోమోడ్‌సెట్ చేర్చి ఎఫ్10 నొక్కండి. తెర ముతగ్గా ఉన్నా లోపలికి వెళ్లగలుగుతారు. అక్కడ ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్ కొట్టి, రికమెండెడ్ అన్నదాన్నే సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్‌తో ఎక్కించండి. జీఫోర్స్ 400, 500 తరం పాత ఫెర్మీ చిప్‌లకి ఎన్‌విడియా మద్దతు 2022తో ఆగింది. వాటికి ఉబుంటుతో పాటే వచ్చే నూవో డ్రైవర్ మీదే ఉండిపోవడం మంచిది.

సౌండు దగ్గర డమ్మీ ఔట్‌పుట్ అని ఉంటే, ముందు ఫాస్ట్ స్టార్టప్ పరీక్ష చేయండి. తర్వాత ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్ ప్యాకేజీ ఉందో చూడండి, కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకి అది తప్పనిసరి.

విండోస్ వైపు

డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం ఉన్నదాని ప్రాపర్టీస్ తెరవండి. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది, పరికరం మొదలవలేదు. టచ్‌ప్యాడ్ పనిచేయక, ఐ2సీ హిడ్ డివైస్ దగ్గర కోడ్ 10 ఉంటే టచ్‌ప్యాడ్ డ్రైవర్ వెతకకండి. దాని కింద ఉండే ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్‌దే చాలాసార్లు తప్పు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో అడుగున అంటించిన సీరియల్ నంబరు కొట్టి, చిప్‌సెట్, సీరియల్ ఐఓ, ఆ తర్వాత మిగతావి, ఈ వరసలో ఎక్కించండి. విండోస్ 11వి ఇవ్వకపోతే 10వి సాధారణంగా పనిచేస్తాయి.

విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉంటే అది డ్రైవర్ తప్పు కాదు, మదర్‌బోర్డు బ్యాటరీ తప్పూ కాదు. ఉబుంటు గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో రాస్తుంది, విండోస్ దాన్ని మన సమయం అనుకుని చదువుతుంది. తేదీ, టైమ్ తప్పుంటే డ్రైవర్ దింపే సైట్లే తెరుచుకోకపోవచ్చు. ఉబుంటులో టైమ్‌డేట్‌సిటిఎల్ సెట్-లోకల్-ఆర్‌టిసి 1 కొడితే రెండూ ఒక మాట మీదికి వస్తాయి.

విండోస్ 11 అసలు కుదరకపోతే, సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర గో బ్యాక్ అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల వరకే ఉంటుంది. చోటు కోసం డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు తీసేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. ఉబుంటుకి అలా వెనక్కి వెళ్లే బటన్ లేదు. కానీ గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళితే పాత కర్నెల్ ఇంకా ఉంటుంది. దాంట్లో వైఫై వచ్చి కొత్తదాంట్లో రాకపోతే, సరైన డ్రైవర్ దొరికేదాకా పాతదాంతోనే పని నడిపించండి. అప్పటిదాకా పాత కర్నెల్‌ని తీసేసే ఆటోరిమూవ్ కమాండ్ మాత్రం కొట్టకండి.