1020 అంటే ఎక్కువేనా?

మా గోడ మీద అనిరాయిడ్ బారోమీటరు ఉంది, అంటే పాదరసం లేకుండా ముల్లుతో గాలి పీడనం చూపే పరికరం. అందులో అంకెల పక్కన మాటలు కూడా అచ్చేసి ఉంటాయి: పైకి వెళ్తే 'బాగా పొడి', నడుమ 'మార్పు', దిగువన 'తుఫాను'. మొదటి ఏడాదంతా వాటినే నమ్మాను. ముల్లుకీ ఆకాశానికీ పొంతన కుదిరేది కాదు. పరికరం బాగానే ఉంది. ఆ మాటలు పుట్టింది ఇంగ్లండు వాతావరణంలో, వేరే చోట వాటికి విలువ లేదు. పీడనం ఎక్కువో తక్కువో తేలాలంటే ఎత్తు, వేళ, అక్షాంశం మూడూ చూడాలి.

ముందు ఎత్తు. ఫోనులోని సెన్సరు మీరున్న చోటి పీడనం చూపిస్తుంది. వాతావరణ పటాల్లో ఇచ్చేది సముద్ర మట్టానికి సరిచేసిన అంకె. రెంటినీ నేరుగా పోల్చకూడదు. కొన్ని వందల మీటర్ల లోపైతే ప్రతి 8 మీటర్లకీ 1 హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం, ఇక్కడి పీడనపు అంకెలన్నీ అందులోనే) చొప్పున కలపండి. 240 మీటర్ల ఎత్తున 988 కనిపిస్తే 30 కలిపి 1018 అనుకోవాలి. నమ్మకం కుదరకపోతే ఫోను పట్టుకుని మెట్లెక్కండి. కింద 1011.6 ఉన్నది మూడో అంతస్తుకి చేరేసరికి 1010.5 అవుతుంది. 1648లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ తన బావ పెరియే చేత పాదరసపు గొట్టాన్ని (అప్పటి బారోమీటరు) ఫ్రాన్సులోని పుయ్ ద డోమ్ కొండెక్కించి చూపించినదీ ఇదే. శిఖరం దగ్గర పాదరసం 8 సెంటీమీటర్లకు పైగా దిగింది. సముద్ర మట్టానికి 400 మీటర్లకు పైగా దిగువనున్న మృత సముద్రం ఒడ్డున సరిచేయని అంకె 1060 చూపినా కంగారు అక్కర్లేదు, అక్కడది మామూలే.

తర్వాత వేళ. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది: ఉదయం, రాత్రి పది ప్రాంతాల్లో ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువ. తేడా 2, 3 హెక్టోపాస్కళ్లు. అందుకే నేను ఉదయం పదింటికే రాసుకుంటాను, నిన్నటి పదింటితోనే పోల్చుకుంటాను.

ఇక అక్షాంశం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. భూమధ్యరేఖ దగ్గర ఆ రోజువారీ ఊపు పోగా మిగిలే మార్పు చాలా తక్కువ. రెండు వైపులా 30 డిగ్రీల దగ్గర గాలి పైనుంచి దిగుతుంది కాబట్టి సముద్రాల మీద అధిక పీడనం స్థిరంగా కూర్చుంటుంది. అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గరిది అలాంటిదే. సైబీరియా కథ వేరు. చలికాలంలో మంచు కప్పిన నేల తేటాకాశంలోకి వేడి వదిలేస్తుంది, పైనున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, దక్షిణాన పర్వతాలు దాన్ని పారనివ్వవు. 1968 డిసెంబరు 31న అక్కడి అగాతా అనే చోట పీడనం 1083 దాటింది. మంగోలియా పీఠభూమిలో ఇంకా పెద్ద అంకెలు వచ్చాయి కానీ, అంత ఎత్తున సముద్ర మట్టానికి సరిచేయడమంటే కాళ్ల కింద లేని గాలికి ఉష్ణోగ్రత ఊహించడమే. అందుకే 750 మీటర్లు దాటిన చోట్ల రికార్డులను విడిగా లెక్కిస్తారు. అంటార్కిటికా చుట్టూ సముద్రంలోనేమో సగటే 985 ప్రాంతం. అక్కడ 1005 కనిపిస్తే అది ఎక్కువే.

ఎక్కువని తేలినంత మాత్రాన ఎండ కాస్తుందని రాసిపెట్టుకోకండి. దిగే గాలి వేడెక్కి మబ్బుల్ని కరిగించే మాట నిజమే, కానీ చలికాలంలో అదే గాలి మూతలా పడి పొగనీ పొగమంచునీ రోజుల తరబడి నేలకు అదిమి ఉంచుతుంది. అధిక పీడన కేంద్రం ఎటుందో కావాలంటే గాలికి వీపు పెట్టి నిలబడండి: ఉత్తరార్ధగోళంలో దాదాపు కుడివైపు, దక్షిణార్ధగోళంలో ఎడమవైపు. భూమధ్యరేఖ దగ్గర ఇది పనిచేయదు.

అనిరాయిడ్ అయితే చూసేముందు గాజును వేలికొసతో మెల్లగా తట్టండి. బిగుసుకున్న ముల్లు ఎటు జరిగితే పీడనం అటు పోతోందన్నమాట. ఈ ఉదయం మాది అరగీత పైకి జరిగింది.