తయారీదారు ముద్ర లేని గాజు పాత్ర కాలం తేల్చడం – 3వ పాఠం: అడుగు భాగం

గత రెండు పాఠాల్లో పాత్రను కడిగి ఆరబెట్టడం, పగటి వెలుతురులో దాని రంగును, బరువును, మోగే తీరును గమనించి రాసుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో పాత్రను మెత్తటి గుడ్డ మీద బోర్లించి, అడుగును పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో పరిశీలిస్తాం.

ముందుగా ఒక నియమం. పాత పద్ధతిని ఎవరైనా, ఎప్పుడైనా మళ్ళీ వాడవచ్చు. ఇంకా పుట్టని పద్ధతిని మాత్రం ఎవరూ వాడలేరు. కాబట్టి పాత్ర మీద కనిపించే ఆనవాళ్ళలో అన్నిటికన్నా ఆలస్యంగా వాడుకలోకి వచ్చినది ఏదో గుర్తిస్తే, పాత్ర అంతకన్నా పాతది కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

అడుగు నడుమ గరుకైన మచ్చ ఉందేమో వేలితో తడిమి చూడండి. ఊదిన పాత్ర మూతిని తీర్చడానికి పనివాడు దాని అడుగున పాంటిల్ అనే ఇనుప కడ్డీని కరిగిన గాజుతో అంటించి, ఊదుడు గొట్టాన్ని విడదీస్తాడు. పని ముగిశాక ఆ కడ్డీని విరిచిన చోట మిగిలేదే పాంటిల్ మచ్చ. మేలైన పాత్రల్లో దానిని అరగదీసి, మెరుగుపెట్టి, నున్నటి గుంటగా మార్చేవారు. 19వ శతాబ్దం మధ్యకాలం నుంచి సీసాను చుట్టూ బిగించి పట్టుకునే సాధనం వాడుకలోకి రావడంతో, సీసాల అడుగున ఈ మచ్చ క్రమంగా కనుమరుగైంది. అయితే మచ్చను చూసి పాతదని తేల్చేయడమే కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు. చేతితో ఊదేవారు ఈనాటికీ పాంటిల్ వాడుతున్నారు గనుక, ఆ మచ్చ చేతిపనికి సాక్ష్యమే తప్ప వయసుకు కాదు.

మచ్చ లేకపోతే అచ్చు అతుకు గీతలను, అంటే అచ్చు ముక్కలు కలిసే చోట గాజు మీద పడే గీతలను, వెతకాలి. అచ్చులోకి ఊదిన పాత్రకూ, అచ్చులో అదిమిన పాత్రకూ ఈ గీతలు ఉంటాయి. తేడా తెలియాలంటే వేలిని లోపలి గోడ మీద నడపాలి. ఊదిన పాత్రలో బయటి నగిషీ ఎత్తుపల్లాలు లోపల కూడా మెత్తగా తగులుతాయి. అదిమిన పాత్రలో లోపలి వైపును తీర్చేది లోహపు దిమ్మె గనుక, బయట ఎంత నగిషీ ఉన్నా లోపల నునుపుగానే ఉంటుంది. గాజును యంత్రంతో అదమడం అమెరికాలో 1820ల దశకంలో స్థిరపడింది కాబట్టి, అలా అదిమిన పాత్రను 18వ శతాబ్దానికి చెందినదని ఎవరన్నా నమ్మనక్కరలేదు. సీసా అయితే, మైఖేల్ ఓవెన్స్ 1903 ప్రాంతంలో రూపొందించిన స్వయంచాలక యంత్రం అడుగున వదిలే వలయాన్ని చూడాలి. అది సరిగ్గా నడుమన కాక కాస్త పక్కకు జరిగి, అంచులు ఈకలా చీలినట్లు ఉంటుంది.

ఇక అరుగుదల. ఏళ్ళ తరబడి వాడిన పాత్రకు గీతలు నేలను తాకే అంచు మీదే, వేర్వేరు లోతుల్లో, అన్ని దిశల్లో పడతాయి. నేల తాకని గుంటలో కూడా గీతలుంటే, లేదా గీతలన్నీ ఒకే వైపుకు సమాంతరంగా ఉంటే, గరుకు కాగితంతో రుద్దారని అనుమానించాలి. నేను ఒకసారి ఇలాంటి అడుగును భూతద్దం లేకుండా చూసి పాతదనుకున్నాను. ఆ తరువాత భూతద్దం లేకుండా ఏ పాత్ర గురించీ అభిప్రాయం చెప్పలేదు.

ముద్ర లేకపోవడం కూడా కొన్నిసార్లు కాలాన్ని చెబుతుంది. అమెరికాకు చెందిన ఫెంటన్ గాజు సంస్థ, ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే పూతతో ఉండే కార్నివాల్ గాజును 1907లో మొదలుపెట్టినా, తన పేరును అచ్చులోనే పోయడం 1970లో గానీ ఆరంభించలేదు. అంతకుముందు కాగితపు చీటీలే అంటించేది, అవి ఊడిపోయేవి. అయితే ఇతరులు చేసిన అనుకరణలకు కూడా ముద్ర ఉండకపోవచ్చు గనుక, నగిషీని, రంగును కలిపి చూశాకే ఈ ఆధారాన్ని వాడాలి.

అభ్యాసం: మీ దగ్గరున్న మూడు పాత్రల అడుగులను కాగితం మీద గీసి, మచ్చ, అతుకు గీత, అరుగుదల ఎక్కడున్నాయో గుర్తించండి. ప్రతి బొమ్మ కింద "ఈ సంవత్సరం కన్నా పాతది కాదు" అని ఒక సంవత్సరం, దానికి కారణం రాయండి. వచ్చే పాఠంలో ఆ మూడింటినీ చీకటి గదిలో అతినీలలోహిత టార్చితో పరీక్షించి, యురేనియం, మాంగనీస్ కలిసిన గాజును వేరు చేస్తాం.